మూడు మీనార్ల అష్రఫీ

టేకులపల్లి నుంచి కొత్తగూడెం పోయే అడవి తోవలో, ఎడమ పక్కన, రోడ్డుకు పది అడుగుల దూరంలో ఒక రాతిగది ఉండేది. పెంకులు సగం ఊడిపోయి, కిటికీకి చువ్వలు తప్ప తలుపుల్లేక, గోడల నిండా నాచు పట్టి ఉండేది. దాన్ని అందరూ జంగ్లాతు నాకా, అంటే అడవి సుంకం చౌకీ, అనేవాళ్ళు. నైజాం కాలంలో అడవిలో కొట్టిన టేకు బండ్లు, వెదురు బండ్లు అక్కడ ఆగాలి. సుంకం కట్టి, చీటీ రాయించుకుంటేనే కదలాలి. నైజాం పోయాడు. సుంకం పోయింది. బండ్లూ పోయాయి.

నాకాలో చీటీలు రాసే మున్షీ మాత్రం పోలేదని చెప్పేవాళ్ళు.

అంటే... మనిషిగా పోయాడు. ఎట్లా పోయాడన్నదాని మీద మూడు మాటలున్నాయి. ఉరేసుకున్నాడని కొందరు. పులి ఎత్తుకుపోయిందని కొందరు. ఆర్నెల్లు జీతం రాక దిగులుతో పోయాడని ఇంకొందరు — ఈ మూడో మాట చెప్పేవాళ్ళందరూ సర్కారు ఉద్యోగులే. పోయాక ఏం చేస్తున్నాడన్నదాంట్లో మాత్రం ఎవరికీ తగువు లేదు. చీకటి పడితే లోపల కూర్చుంటాడు. వసూలైన నాణేలు ఒక్కొక్కటే రాతి మీద మోగించి చూసుకుంటాడు.

ఠంగ్...

కాసేపు ఏమీ ఉండదు. కీచురాళ్ళు కూడా ఆగిపోతాయి.

మళ్ళీ — ఠంగ్...

సాయంత్రం ఆరింటి బస్సు నాకా దగ్గరికి రాగానే డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తీసేవాడు కాదు. ఆ పక్క తండా వాళ్ళు ఎవరైనా దిగాల్సి ఉంటే, రెండు మైళ్ళు ముందుకు పోయి దిగి, పొద్దున్నే వెనక్కి నడిచి వచ్చేవాళ్ళు. టికెట్టు మాత్రం నాకా దాకానే కొట్టించుకునేవాళ్ళు. భయం వేరు, పైసలు వేరు.

ఈ కథ విని పడీపడీ నవ్విన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు వెంకటప్పయ్య. ఆయనకు జరిగిందే ఇప్పుడు చెప్పేది.

వెంకటప్పయ్యది సత్తుపల్లి. వాళ్ళ నాయన కృష్ణాజిల్లా నుంచి వచ్చి పొలాలు కొన్నాడు. ఈయన బజార్లో ఎరువుల దుకాణం పెట్టాడు. ఇది జరిగింది ఎనభై రెండో సంవత్సరంలో. యూరియా కోటా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే దేవుళ్ళు. ఆ లెక్కన వెంకటప్పయ్య సత్తుపల్లిలో ఒక మోస్తరు దేవుడు. కానీ ఆయనకు ఎరువుల దేవుడు అనిపించుకోవడం ఇష్టం లేదు. ఆయన పాత బంగారు నాణేలు సేకరించేవాడు. విజయనగరం కాలం వరహాలు రెండు, కంపెనీ మొహరు ఒకటి, నైజాం అష్రఫీలు నాలుగు. అష్రఫీ అంటే చార్మినార్ బొమ్మ ఉన్న బంగారు నాణెం, తులానికి కాస్త తక్కువ తూగుతుంది. అట్లా నాణేలు సేకరించేవాళ్ళను ఇంగ్లీషులో ఏదో అంటారని, ఆ మాట దుకాణం బోర్డు మీద తన పేరు కింద రాయించుకుందామని చూశాడు. పెయింటరు మూడుసార్లు తప్పు రాసి, నాలుగోసారి నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. ఊళ్ళో జనం ఆ కష్టమేమీ పడలేదు. బిళ్ళల వెంకటప్పయ్య అన్నారు, అంతే.

ఆయన దగ్గరున్న నాలుగు అష్రఫీలలో ఒకటి వేరు. దాని మీద చార్మినార్‌కు మూడే మీనార్లున్నాయి. కుడిచేతి వైపుది లేదు — అక్కడ నున్నగా ఉంది. కొత్తగూడెంలో పాత వెండి, నాణేలు అమ్మే రామ్‌చందర్ సేటు అది ఆయనకు అమ్ముతూ చెవిలో చెప్పాడు.

"టంకశాలల అచ్చు తప్పు పడ్డది. ఒక్క నాణెం కొట్టంగనే తెలుసుకొని అచ్చు పలగ్గొట్టిన్రు. ప్రపంచంల గిది ఒక్కటే. ఎవ్వరికీ సూపెట్టకుండ్రి సార్, పానం మీదికొస్తది."

ఎవరికీ చూపించకుండా ఉండటానికా కొన్నది? వెంకటప్పయ్య వారానికోసారి బ్యాంకు మేనేజర్నో, తాసిల్దార్నో భోజనానికి పిలిచేవాడు. భార్య పద్మావతమ్మ గారెలు వండేది. తిన్నాక ఆయన చేతులు కడుక్కుని, నీలం మఖమలు డబ్బీ తెచ్చి, భూతద్దం చేతికిచ్చేవాడు.

"ఇందులో బంగారం ఎంతుంటుందండీ?" అని అడిగాడు ఒకసారి మేనేజరు.

"బంగారం సంగతి అడక్కండి," అన్నాడు వెంకటప్పయ్య చిన్నగా నవ్వి. "ఉన్నదానికి రేటు ఉంటుంది. లేనిదానికే విలువ. ఆ లేని మీనారు చూడండి."

మేనేజరు లేని మీనారును చాలాసేపు చూశాడు. "అద్భుతం!" అన్నాడు. రెండో వాయి గారెలు వచ్చాయి.

అదే సమయానికి ఇంటి ముందు గోడకు మందు కొట్టి, తారీఖు వేస్తున్నాడు మలేరియా వర్కర్ క్రీస్తుదాసు. నెలకు ఇరవై రోజులు తండాలూ గూడేలూ తిరిగే మనిషి. మంచినీళ్ళు అడుగుదామని గుమ్మంలోకి వచ్చి, మేనేజరు భుజం మీంచి తొంగి చూశాడు.

"గిట్లాంటిదే టేకులపల్లి అవుతల తండాల ఉన్నది సార్. గోరవ్వ మెడల. గామెదానికి గూడ గీ పక్క మీనారు లేదు."

భూతద్దం మేనేజరు చేతిలోంచి గారెల మీద పడింది.

ఆ రాత్రి వెంకటప్పయ్యకు నిద్ర లేదు. లేచి కూర్చున్నాడు. పడుకున్నాడు. మళ్ళీ లేచాడు.

"ఏమైందండీ?" అంది పద్మావతమ్మ.

"రెండోది ఉందట."

"ఉంటే మంచిదేగా. అది కూడా కొనుక్కోండి. జత అవుతుంది."

"జత కావడానికి ఇవేమన్నా గాజులా?" అని కసిరాడు. "రెండున్నాయంటే నాది ఒక్కటి కాదు. ఒక్కటి కాకపోతే అది ఉత్త బంగారం! కొంటాను. కొని కరిగించేస్తాను."

"బంగారం కొని, కరిగించి, ఇంకాస్త గొప్పవాళ్ళు అవుతారన్నమాట," అంది ఆమె అటు తిరిగి పడుకుంటూ. "మా పుట్టింటి వాళ్ళకు ఇట్లాంటి తెలివి లేదులెండి, అందుకే ఇంకా పొలం దున్నుకుంటున్నారు."

మార్గశిర మాసం. పొద్దు తొందరగా వాలే రోజులు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి రాజ్‌దూత్ మోటార్ సైకిలు తీశాడు వెంకటప్పయ్య. పోల్చి చూడ్డానికి తన మూడు మీనార్ల అష్రఫీ చొక్కా జేబులో, బేరానికి నాలుగు మీనార్లూ ఉన్న మామూలు అష్రఫీ ఒకటి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. అది వాళ్ళ అమ్మ ఇచ్చినది. సేకరించేవాళ్ళ లెక్కలో దానికి లెక్కే లేదు — అట్లాంటివి వేలున్నాయి.

తండా చేరేసరికి మూడున్నర. గోరి ఇంట్లో లేదు. పుల్లలకు పోయిందన్నాడు ఆమె కొడుకు బిచ్యా. కూర్చోబెట్టి చాయ పోశాడు. నాలుగున్నరకు గోరి వచ్చింది — నెత్తి మీద పుల్లల మోపు, మోచేతుల దాకా తెల్లటి గాజులు, మెడలో పూసల మధ్య అష్రఫీ.

వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు. దగ్గరికి పోయి కళ్ళు చికిలించి చూశాడు. ఒకటి... రెండు... మూడు. కుడిచేతి వైపు నున్నగా ఉంది.

"ఈ మీనారు ఏమైంది అవ్వా?"

"అరిగింది," అంది గోరి మోపు దించుతూ. "నా పెండ్లినాడు మామ కట్టిండు. యాభై ఏండ్లు. రైక అద్దాలకు రాసుకొని రాసుకొని పోయింది. నా పండ్లు గూడ పోలేదా?"

వెంకటప్పయ్య లోపల జాలిపడ్డాడు. పాపం, చదువులేని మనిషి. టంకశాల అచ్చు తప్పంటే ఈమెకేం తెలుసు! పైకి మాత్రం గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి చెప్పాడు.

"ఇది మంచి నాణెం కాదు అవ్వా. జంగ్లాతు నాకా మున్షీ లేడూ... ఆయన పెట్టెలోంచి వచ్చిన నాణేలకే ఇట్లా ఒక మీనారు ఉండదట. ఇది ఇంట్లో ఉంటే రాత్రిపూట ఆయన వెతుక్కుంటూ వస్తాడట."

అప్పటికప్పుడు కల్పించిందే. అయినా చెప్తుంటే ఆయన వీపుకే చలేసింది.

గోరి ఆయన మొహంలోకి చూసి బోసినోటితో నవ్వింది. "యాభై ఏండ్ల సంది రాలే. నన్ను జూస్తే గాడే ఉరుకుతడు. ఏంది సావుకారీ, నీకు గిది కావాల్నా? కావాలంటే కావాలను. మున్షీని ఎందుకు లేపుతవ్?"

వెంకటప్పయ్య మామూలు అష్రఫీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. గోరి దాన్ని చిగుళ్ళతో నొక్కింది, ఎండకు పట్టింది, బిచ్యాకు చూపించింది. నాలుగు మీనార్లు. అంచులు పదునుగా. కొత్త పెళ్ళికూతురులా ఉంది.

"అరిగినదానికి అరగనిది ఇస్తవా?"

"ఇస్తాను."

"కొక్కెం కూడ ఏపియ్యాలె. పైసలియ్యి."

ఇచ్చాడు. ఆమె మెడలోంచి విప్పుతుంటే ఒక్క క్షణం ఆగింది. అరిగిన నాణేన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రెండుసార్లు రుద్దింది — యాభై ఏళ్ళ నుంచి పడ్డ అలవాటు. తర్వాత ఆయన చేతిలో పెట్టేసి, పొయ్యి రాజెయ్యడానికి లోపలికి పోయింది. వాకిట్లోంచి బిచ్యా పిలిచాడు.

"సారూ, పొద్దు గుంకింది. ఇయ్యాల గీడ్నే పండుండ్రి. నాకా తోవ..."

"మీ నాకాకు నేను భయపడేదేంట్రా," అని కిక్కు కొట్టాడు వెంకటప్పయ్య.

రెండు నాణేలూ చొక్కా జేబులోనే ఉన్నాయి. దారి పొడవునా గోరి నాణెం, తన నాణెం ఉన్న నీలం డబ్బీకి తగిలి చిన్నగా చప్పుడు చేస్తోంది. రేపు పొద్దున కంసాలి దగ్గర కూర్చుని, ఈ ముసలమ్మది మూసలో కరిగి ముద్దయ్యేదాకా చూడాలి. తర్వాత ప్రపంచంలో ఒక్కటే. ఈ ఆలోచనతో ఆయన రెండు మైళ్ళు నవ్వుకుంటూ వచ్చాడు.

మూడో మైలులో బండి దగ్గింది.

ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఎంత తన్నినా లేవలేదు. ప్లగ్గు విప్పి చొక్కాకు తుడిచాడు. ఊదాడు. లేవలేదు. చుట్టూ టేకుచెట్లు. ఆకులు మంచుకు తడిసి ఒక్కొక్కటే రాలుతున్నాయి... టప్పుమని. ఇక నెట్టుకుంటూ నడిచాడు. కొంచెం దూరం పోయాక తల ఎత్తాడు.

ఎదురుగా నాకా.

అంత ఆస్తీ, అంత ఇంగ్లీషూ అక్కడ అక్కరకు రాలేదు. అయినా పళ్ళు బిగించాడు. మహా అయితే ముప్పై అడుగులు. కళ్ళు రోడ్డు మీదే పెట్టి నెట్టుకుపోతే అయిపోతుంది. పది అడుగులు వేశాడు.

ఠంగ్...

ఆగాడు.

కీచురాళ్ళు కూడా ఆగాయి.

ఠంగ్...

నాకా కిటికీలో ఎర్రటి వెలుగు. మంట కాదు... మంట తగ్గాక మిగిలే నిప్పుల రంగు. ఆ వెలుగులో గోడ మీద ఏదో నీడ వంగింది. లేచింది. వెంకటప్పయ్య చేతుల్లోంచి బండి జారి రోడ్డు మీద ధబీమని పడింది.

లోపలి వెలుగు — ఆరిపోయింది.

ఎవరో మూత పెట్టినట్టు ఆరిపోయింది.

పరుగెత్తుదామనుకున్నాడు. ఎట్లా నడిచాడో తెలియదు కానీ కిటికీ కింది రాతి అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. చువ్వల వెనక చీకటి. ఆ చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

అప్పుడు వినపడింది. గట్టిగా కాదు. చెవి పక్కనే, విసుగ్గా, ఎన్నో వేలసార్లు అడిగి అరిగిపోయిన గొంతుతో —

"దిఖావ్."

వెంకటప్పయ్యకు ఉర్దూ రాదు. లారీ డ్రైవర్ల కోసం నేర్చుకున్నవి నాలుగు మాటలు: కిత్నా, జల్దీ, ఠీక్, దిఖావ్. అంటే చూపించు. జేబులో చెయ్యి పెట్టాడు. నీలం డబ్బీలోంచి తనది బయటికి తీశాడు. నాణెం జారి రాతి అరుగు మీద పడింది.

టక్.

ఠంగ్ అనలేదు. టక్ అంది.

"ఖోటా," అంది గొంతు.

వెంకటప్పయ్య వంగి, అరుగు తడిమి నాణెం దొరకబుచ్చుకున్నాడు. తనది ఇవ్వడు. ప్రాణం పోయినా ఇవ్వడు. జేబులోంచి గోరి నాణెం తీసి, కళ్ళు మూసుకుని, చువ్వల మధ్యలోంచి లోపలికి విసిరాడు.

ఠంగ్...గ్...గ్... అని మోగింది. చాలాసేపు మోగింది.

"ఖరా."

ఆ మాట వెంటనే లోపల్నుంచి ఒక కేక. మనిషి గొంతులో ఉండని కేక. ఏదో బోర్లా పడ్డది, నిప్పులు చెల్లాచెదరయ్యాయి, అవతలి గోడ వైపు ధడధడమని ఏదో దూకింది. వెంకటప్పయ్య అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ఏభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, నాలుగు మైళ్ళు ఎక్కడా ఆగలేదు. కొత్తగూడెం బొగ్గుబావి లైట్లు కనపడ్డాకనే కూలబడ్డాడు.

ఇంటికొచ్చి రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. పద్మావతమ్మ తడిగుడ్డ వేస్తే, అదే కలవరింత.

"కోటా అన్నాడే... తర్వాత ఖరారు అన్నాడు..."

"యూరియా కోటాయేనా? జ్వరంలో కూడా వ్యాపారమేనా మీకు?"

ఆయనకు మాత్రం అర్థమయింది. మున్షీకి కూడా కోటా ఉంటుంది. చచ్చినా సర్కారు మనిషే కదా. ఆ నాణెం ఇవ్వగానే కోటా ఖరారయింది. పీడ పోయింది. ఈ సమాధానంతో ఆయనకు కొంచెం జ్వరం దిగింది. శనివారం మధ్యాహ్నమే క్రీస్తుదాసు బండి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు.

"నాకా కాడ పడున్నది సార్. ఒక్క కిక్కుకే లేసింది."

జ్వరం దిగాక ఇంకో జ్వరం మొదలయింది. మున్షీ సంగతి సరే... ఆ నాణెం నాకాలో పడి ఉంది. పొద్దున పూట గొర్రెలు కాసేవాడెవడో లోపలికి పోతాడు. చూస్తాడు. తీసుకుని ఎక్కడికి పోతాడు? పాత నాణెం అమ్మాలంటే ఆ చుట్టుపక్కల కొత్తగూడెం రామ్‌చందర్ సేటు దుకాణం ఒక్కటే. సోమవారం మధ్యాహ్నం బస్సెక్కాడు వెంకటప్పయ్య.

సేటు దుకాణం మూసి ఉంది. వెనక ఇంట్లోకి పోతే సేటు భార్య హైమ ఎదురొచ్చింది. "శనివారం రాత్రి సంది గిట్లనే పండిండన్నా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దవాఖానకు రాడు. తింటలేడు."

రామ్‌చందర్ మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. చేతికి ఒక తాయెత్తు. మెడలో ఇంకోటి. అరికాళ్ళ నిండా ముళ్ళు గీరిన గాట్లు.

"ఏమైంది సేటూ?"

సేటు తలుపు వైపు చూశాడు. హైమ లేదని చూసుకుని గుసగుసగా అన్నాడు. "నాకా కాడ... దయ్యం పట్టింది సార్. ఏదో పని మీద పొయ్యి లోపట కూసున్న. చీకట్లకెల్లి... కిటికీలకెల్లి... నా మీద అష్రఫీ ఇసిరింది."

వెంకటప్పయ్య నోరు తెరిచాడు. "ఎట్లాంటి అష్రఫీ?"

"మూడు మీనార్లది."

"అది నేను విసిరిందే!" అని ఎగిరి లేచాడు వెంకటప్పయ్య. "లోపల ఉన్నది నువ్వా? ఓరి నీ... నేను నిన్ను దయ్యం అనుకుని నాలుగు మైళ్ళు ఉరికానే!"

రామ్‌చందర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది. "మీరా? బయట ఉన్నది మీరా?" ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. కడుపు పట్టుకుని నవ్వారు. ఒకడి భయం ఇంకొకడు తీసేశాడు. ఆ నవ్వుకు హైమ రెండు కప్పుల చాయ తెచ్చి పెట్టి, సంతోషంగా చూసి వెళ్ళింది.

చాయ తాగుతూ తాగుతూ వెంకటప్పయ్య ఆగాడు.

"అవును... ఆ వేళప్పుడు అక్కడ నీకేం పని?"

సేటు మంచం అంచుకు జరిగి గొంతు తగ్గించాడు.

"కుంపటి పెట్టుకున్న సార్. ఆరేండ్ల సంది. ఊళ్ళ అయితే పొగ అంటరు, చప్పుడంటరు, పోలీసోళ్ళస్తరు. ఆడికి ఎవ్వరు రారు." ఒక గుక్క చాయ తాగాడు. "గా లంబాడామె గోరి ఒకసారి కొక్కెం అతికియ్యమని ఇచ్చింది. వారం దినాలు నా కాడనే ఉన్నది. అచ్చు తీసుకున్న. ఆమెది అరిగింది కద... అచ్చుల గూడ మీనారు రాలే. నాలుగోది చెక్కుదామనుకున్న. చేత గాలే. అందుకే... ఒక్కటే అని చెప్పి అమ్మిన."

వెంకటప్పయ్య కప్పు పక్కకు పెట్టాడు.

"నాది?" అన్నాడు వెంకటప్పయ్య.

"సగం రాగి. మీది ఏడోది సార్."

"మొత్తం ఎన్ని అమ్మావు?"

"పదకొండు. అందరూ పెద్దమనుషులే. అందరికీ ఎవ్వరికీ సూపెట్టొద్దని చెప్పిన. మీరొక్కరే సూపెట్టిన్రు."

సేటు గొంతు పట్టుకుందామని వెంకటప్పయ్య చెయ్యి లేచింది, మధ్యలో ఆగింది. పోలీసులకు చెప్తే మేనేజరుకు తెలుస్తుంది. తాసిల్దారుకు తెలుస్తుంది. అన్నిటికంటే పద్మావతమ్మకు తెలుస్తుంది. "అసలు నాణెం ఏది? నేను విసిరింది?"

"భయానికి చేతుల పట్టుకొనే ఉరికిన. శనివారం పొద్దున్నే భద్రాచలం పొయ్యి, గోదావరిల మునిగి, రాముడి హుండీల ఏసొచ్చిన."

"హుండీలోనా!"

"దయ్యం ఇచ్చింది ఇంట్ల పెట్టుకుంటరా సార్? మరి మీరు... అది ఎందుకు కొన్నరు?"

కరిగించడానికని వెంకటప్పయ్య చెప్పలేదు. మాట మార్చడానికి కోపం అందుకున్నాడు. "అదంతా తర్వాత. చేసింది చాలక నన్ను భయపెడతావా? కిటికీలోంచి దిఖావ్ అంటావా? ఏదో కోటా అంటావా?"

"ఏంది?"

"నాణెం అరుగు మీద పడగానే కోటా అన్నావుగా. రెండోది విసిరితే ఖరారనో ఏదో అన్నావు. ఏమిటా మాటలు?"

సేటు నెమ్మదిగా కప్పు కింద పెట్టాడు.

"ఖోటా అంటే నకిలీ సార్," అన్నాడు. "ఖరా అంటే అసలుది."

"అదే, ఎందుకన్నావని అడుగుతున్నా."

"నేనంటనా?" అన్నాడు రామ్‌చందర్. "నేను చేసి, నేను అమ్మిన సరుకును... నేనే నకిలీ అంటనా? అంత చీకట్ల నాకెట్ల తెలుస్తది మీ చేతుల ఏదున్నదో? గా మాటలు నేను గూడ విన్న. బయటికెల్లి ఇనపడ్డయి. మీరంటున్నరనుకున్న."

"నాకు ఉర్దూ రాదు."

బయట ఎప్పుడు చీకటి పడిందో ఇద్దరూ చూసుకోలేదు. హైమ దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆఖరు బస్సుకు యాళ్ళయింది అన్నా. పోతవా?"

సత్తుపల్లి బస్సు నాకా వైపు పోదు. దానికి పూర్తిగా ఎదురుదిక్కు. ఆ సంగతి వెంకటప్పయ్యకు బాగా తెలుసు.

"పొద్దున పోతానమ్మా. ఒక చాప ఇప్పించు."

హైమ చాప పరిచింది. రామ్‌చందర్ మంచాన్ని గోడ దగ్గర్నుంచి చాప వైపు జరిపించుకున్నాడు. వెంకటప్పయ్య చాపను మంచం వైపు జరుపుకున్నాడు. పదకొండు మందిని ముంచినవాడూ, అందులో ఏడోవాడూ చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పడుకుని, దుప్పట్లు గడ్డాల దాకా లాక్కున్నారు.

"దీపం తీసెయ్యనా?" అంది హైమ.

"వద్దు!" అన్నారు ఇద్దరూ.